కార్డుకి అడ్డం పడిన నెత్తళ్ళ కూర

మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య భుజాలెత్తు గోడ ఒకటుంది. పక్కింటి కోళ్ళు ఇటు రాకూడదని మా నాన్న కట్టించాడు. గోడ పూర్తయిన రోజు సాయంత్రమే ఒక పెట్ట దానిమీదెక్కి, ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, మేస్త్రీ పనితనాన్ని తనిఖీ చేసి, మా వైపే దిగింది. కోళ్ళనే ఆపలేని గోడ వాసనని ఏం ఆపుతుంది? ఆదివారం పదకొండు దాటేసరికి అటు పక్క ఎండు నెత్తళ్ళు వేగడం మొదలవుతుంది. ఆ వాసన గోడ దూకి, మా కిటికీ ఊచల్లోంచి దూరి, నా చేతిలో పేపరు లాక్కుని మడతపెట్టి, నన్ను చొక్కా కాలరు పట్టుకుని లేపి, చెప్పులు తొడిగి వీధిలోకి గెంటుతుంది. ఇందులో నా ప్రమేయం ఎప్పుడూ లేదు. అనకాపల్లిలో ఆగే పనిలేని రైళ్ళు కూడా ఆదివారం మధ్యాహ్నం మా స్టేషను దగ్గర నెమ్మదించి, ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని, అప్పుడు వైజాగ్ వెళ్తాయని నా నమ్మకం.

ఆ కూర వండే మనిషిని నేను అత్తా అంటాను. ఆవిడ నన్ను అల్లుడా అంటుంది. చుట్టరికం ఆవగింజంత లేదు. రాంబిల్లి వైపు సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. మొగుడు పోయాక ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఈ ఊళ్ళో తిరగని వీధి లేదు. అలా తిరిగే ఒక్క కూతుర్నీ పెంచి రోలుగుంటలో ఇచ్చింది. ఆ గంప బరువెంతో నేను చెప్పలేను. ఒకసారి కిందికి దించడానికి సాయం పట్టబోతే నా మెడ పట్టేసి, నాలుగు రోజులపాటు ప్రపంచాన్ని ఎడమవైపు నుంచి మాత్రమే చూశాను.

అత్త ఇంట్లో తినడం రహస్యంగా ఎందుకు చేయాల్సి వచ్చిందంటే, దానికి నా బీపీ కారణం. కొన్నేళ్ళ కిందట డాక్టరు నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకెలు చూసి, మిషను పాడైందనుకుని ఇంకో మిషను తెప్పించాడు. రెండోది కూడా అదే మాట చెప్పింది. ఉప్పు తగ్గించమని ఆయన ఒక్క ముక్క అన్నాడు. మా ఆవిడ ఆ ఒక్క ముక్కనీ ఇంటికి తెచ్చి రాజ్యాంగంగా రాసుకుంది. మొదటి అధికరణం: ఎండుచేప గుమ్మం తొక్కరాదు. అప్పటినుంచి ఆదివారం పదకొండున్నరకి నాకు ప్రెస్సులో పని తగిలేది. శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సు మాది. మూఢంలో, ఆషాఢంలో, పెళ్ళన్నది జిల్లాలోనే జరగని రోజుల్లో కూడా నాకు ఆదివారం అర్జెంటు శుభలేఖలు ఉండేవి. ముందు గుమ్మంలోంచి బయల్దేరి, వీధి చివర దాకా దర్జాగా నడిచి, వెనక సందులోంచి తిరిగొచ్చి అత్త పెరట్లో తేలేవాణ్ణి.

వంకాయ వేసి వండేది. ఆ కూర గురించి ఎక్కువ చెప్పను, చదివేవాళ్ళు ఉన్నచోట ఉండలేరు. ఒక్క సంగతి మాత్రం నాకు అప్పట్లో అంతుపట్టలేదు. మొదట్లో నాలిక చురుక్కుమనేలా ఉండే ఉప్పు రానురానూ తగ్గిపోయింది.

"ఏటత్తా, ఉప్పు లేదు?" అని అడిగాను.

"నాకేటి తెలుసురా? సవుద్రంలోనే తగ్గిపోనాది," అంది అత్త, నా కంచంలో ఇంకో గరిటె వేస్తూ. "వానలెక్కువైపోయి నీరు పలసబడిపోనాది."

ఆ మాట నేను ఆరు నెలలపాటు ప్రెస్సుకొచ్చిన ప్రతివాడికీ, వాతావరణం గురించి బోలెడు చదివినవాడిలా చెప్పాను.

ఏ ఇంట్లో ఎవరుంటారో రాసుకునే ఇంటింటి సర్వే జరిగిన రోజుల మాట. వీధికో వాలంటీరు ఉండేవారు అప్పుడు. మా వీధికి కొత్తగా వేసిన అమ్మాయి ఒక ఆదివారం ఫోనూ, వేలిముద్ర మిషనూ పట్టుకుని సరిగ్గా నేను రెండోసారి అన్నం వడ్డించుకుంటున్నప్పుడు అత్త గుమ్మంలో నిలబడింది. ఎవరెవరు ఎక్కడుంటారో ఆ అమ్మాయికి ఇంకా తెలీదు.

"మామ్మా, ఈ సార్ మీ ఇంటి మనిషేనా?"

ఇక్కడ అత్త గురించి ఒక సంగతి చెప్పాలి. అత్త దేవుడికి దండం పెట్టడం మర్చిపోయిన రోజులున్నాయి గాని, ఈ ఒక్క నియమం తప్పిన రోజు లేదు. కంచం ముందు కూర్చున్న మనిషిని 'మావోడు కాదు' అనకూడదు. వాళ్ళ పుట్టింటివైపు ఆడవాళ్ళందరికీ ఉందట ఈ పట్టింపు. అలా అంటే తిన్నది ఒంటబట్టదట, పెట్టిన చేతికి మళ్ళీ పెట్టే యోగం ఉండదట. ఒకసారి పాత సామాన్లు కొనేవాడు దాహమని వచ్చి అన్నం తింటుంటే, వాడెవడని కూతురు అడిగినందుకు ఆ పిల్లకి మొట్టికాయ పడింది. "ముద్ద నోట్లో ఉండగా అడుగుతావేటే! తినీసి లెగిసాక అడుగు!"

అందుకని అత్త వాలంటీరు వైపు చూసి, "కాకపోతే ఇలగెందుకు కూకుంతాడమ్మా? అల్లుడు," అంది.

ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను కాదని చెప్పాల్సింది. కాని నోట్లో నెత్తళ్ళున్నాయి. పైగా మాటలు పెరిగితే గోడ అవతలికి వినబడుతుంది. ఈ రెండిటికీ మించి, నా ఆధార్ నంబరు నాకు నోటికొచ్చు. పన్నెండంకెలూ కార్డు చూడకుండా చెప్పగల మగవాడు మా వీధిలో ఇంకొకడు లేడు. ఆ అమ్మాయి 'ఆధార్' అనగానే పద్యం అప్పజెప్పినట్టు గడగడా అప్పజెప్పాను. "అబ్బ, ఎంత జ్ఞాపకం సార్!" అంది. ఇక నన్నెవరాపగలరు? కుడిచేతికి కూర అంటుకుని ఉంది గనక, ఎడమచేతి బొటనవేలు చాచాను. మిషను కీచుమంది. పచ్చలైటు వెలిగింది. నేను మూడోసారి అన్నం వడ్డించుకున్నాను.

తర్వాత అయిదేళ్ళు ఆ పచ్చలైటు నాకు గుర్తే లేదు.

ఈ అయిదేళ్ళలో అత్త మోకాళ్ళు పోయాయి. గంప అటకెక్కింది. ఇంటి అరుగుమీద నాలుగు బుట్టల్లో ఎండుచేపలు పెట్టుకుని కూర్చునేది. అడిగొచ్చి కొనేవాళ్ళు తక్కువ. మొగుడి పేరునున్న పాత రేషన్ కార్డు మొగుడితోనే పోయింది. గంప తిరిగినన్నాళ్ళూ, "నాకు కోటా బియ్యవేటిరా?" అని కొట్టిపారేసిన మనిషే. ఒకరోజు మా ఆవిడ నాతో అంది: "అత్త వారంలో ఆరు రోజులు అంబలే తాగుతోంది. మోకాళ్ళకి మంచిదట." అప్పుడు నాకు ఆదివారాలు కళ్ళముందు తిరిగాయి. నాకు గుట్టలా వడ్డించి, "నాకాకలి లేదురా, ఇందాకే తిన్నాను," అనడం. ఆ ఇందాక ఏమిటో నేనెప్పుడూ అడగలేదు.

కొత్త కార్డులకి దరఖాస్తులు తీసుకుంటున్నారని తెలియగానే నేను నడుం కట్టాను. "నువ్వు నోరు తెరవక్కర్లేదత్తా, నేనున్నాను. వార్డు సచివాలయంలో అడుగుపెట్టేసరికి లేచి నిలబడతారు," అన్నాను. అత్త పెట్టెలోంచి నీలం చీర తీసి కట్టుకుని, కాగితాలన్నీ బెల్లం పట్టుకొచ్చిన గుడ్డసంచిలో పెట్టుకుంది. ఆధార్ కార్డుతోపాటు రెండు చీమలు కూడా వచ్చాయి.

సచివాలయంలో ఎవరూ లేచి నిలబడలేదు. కంప్యూటరు ముందున్న బాబు అత్త వేలు నాలుగుసార్లు తుడిపించి మిషను మీద పెట్టించి, తెర చూస్తూ అడిగాడు.

"ఇంట్లో ఎంతమంది మామ్మా?"

"నానొక్కర్తినే బాబూ."

"ఒక్కరు కాదే. ఇద్దరున్నారు."

అత్త వెనక్కి తిరిగి చూసింది, రెండోవాడు తనతోపాటే వచ్చి నిలబడ్డాడేమోనని.

"ఎవుడా రెండోవోడు?"

"మగమనిషి. ఆయన పేరున నాలుగు చక్రాల బండి కూడా ఉంది. కారున్న ఇంటికి కార్డు రాదు మామ్మా, సిస్టమే తోసేస్తుంది."

వెనక లైన్లో ఉన్న జనం సీరియల్ చూస్తున్నట్టు మెడలు చాచారు. అత్త నడుం మీద చెయ్యి వేసింది.

"ఓలమ్మో! నా ఇంట్లో మగోడా? ఆడికి కారా? ఇన్నాళ్ళూ ఏ మూల దాక్కున్నాడు ఎదవ! నాకు అవుపడకుండా ఎలగున్నాడు!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక ముసలి మనిషి ఇంట్లో దొంగతనంగా దూరి, ఆవిడ నోటికాడ కూడు లాక్కునేవాణ్ణి ఊరికే వదలకూడదనిపించింది. బల్ల గుద్దాను. "వాడి పేరు గట్టిగా చదవండి బాబూ! ఈ నలుగురికీ తెలియాలి. ఫొటో ఉంటే తెర ఇటు తిప్పండి!"

ఆ బాబు చాలా మర్యాదస్తుడు. గట్టిగానే చదివాడు, ఇంటిపేరుతో సహా. తెర కూడా తిప్పాడు. ఆధార్ ఫొటోలో నేను ఎలా ఉంటానంటే, నేరం రుజువు కావడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మా వెనక తుమ్మపాల నుంచి పొలం కాగితాల పనిమీద వచ్చిన చెరుకు రైతు ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆయన ముందుకి వంగి తెరని, నన్ను, మళ్ళీ తెరని చూశాడు.

"బావా, ఈ ఎదవ నీలాగే ఉన్నాడు," అన్నాడు.

అత్త మాత్రం నన్నేమీ అనలేదు. ఆవిడకి కోపం వచ్చింది కారు మీద. "కారంటే అదేటి బాబూ? మా పెట్ట గుడ్లెట్టుకున్నాదే, ఆ బండా? అది కదిలి ఎన్నాళ్ళైనాదో!"

అత్త చెప్పింది అక్షరాలా నిజం. ఆ కారు నేను కొన్నప్పుడే దానికి రెండు తరాల చరిత్ర ఉంది. స్టార్టవ్వాలంటే నలుగురు తొయ్యాలి, ఆగాలంటే ఆరుగురు పట్టుకోవాలి. కొన్నేళ్ళుగా అది మా గోడవార నిలబడి ఉంది. కిటికీ అద్దం పైకి రాదు. అందులోంచి అత్తవాళ్ళ పెట్ట లోపలికి పోయి, వెనక సీట్లో గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని తీసుకుని దర్జాగా దిగుతుంది. ఆ కారులో ప్రయాణించినవాళ్ళకంటే పుట్టినవాళ్ళే ఎక్కువ. కాని రవాణాశాఖ కాగితాల్లో కోళ్ళ సంగతి రాయడానికి గడి లేదట.

"నా పేరు తీసెయ్యడానికి దారేమిటి బాబూ?" అన్నాను, గొంతు బాగా తగ్గించి.

"పెళ్ళయి వేరుపడితే విడగొట్టొచ్చండి. విడాకులైనా సరే. చనిపోతే మాత్రం వెంటనే తీసేస్తాం."

"వెంటనే అంటే?"

"సర్టిఫికెట్ పెడితే చాలండి."

"సులువైంది అదే బావా," అన్నాడు తుమ్మపాల ఆయన. "ఇయన్నీ తిరగలేవు."

ఆ బాబు జాలిపడి ఇంకో అర్జీ ఉందన్నాడు. పొరపాటున ఎక్కినవాళ్ళది. దానికి మా ఆవిడ వేలిముద్ర వేసి నన్ను తన ఇంట్లోకి చేర్చుకోవాలి. ఒక ఆఫీసరు ఇంటికొచ్చి చూసుకోవాలి. ముఖ్యంగా అత్త ఒక మాట రాసివ్వాలి.

"మీది ఒకే పొయ్యి కాదని రాస్తే చాలు మామ్మా. 'ఈయన మా ఇంట్లో తినరు' అని."

అత్త సంచి మూతి బిగించింది.

"అదెలగ సెప్తాను? తింతాడు గదా."

"తినడని సెప్పు అత్తా, ఏటైపోద్ది!" అన్నాను నేను.

"నా సేత్తో వడ్డించి తిన్లేదంటే నా నోరు పడిపోద్ది. కార్డు కోసరం నిన్ను కంచం దగ్గిరి నుంచి లెగ్గొట్టమంతావేటిరా? కార్డొగ్గీ. పద."

వచ్చినంత సేపట్లో సగం సేపట్లోనే ఇంటికెళ్ళిపోయింది, ఆ మోకాళ్ళతో. నేను వెనకాల చీమల సంచి మోసుకుంటూ నడిచాను. ఆ ఆదివారం నాకు శుభలేఖల పని తగల్లేదు. నెత్తళ్ళు వేగలేదు కూడా. గోడకి చెవి ఆనించి చూశాను. పెట్ట తప్ప ఎవరూ పలకలేదు.

మా ఆవిడకి చెప్పక తప్పలేదు. ఆవిడ వేలు కావాలి కదా. చెప్పే ముందు మూడు గ్లాసుల మంచినీళ్ళు తాగాను, ఉరికంబం ఎక్కేవాడి కంటే ఒక గ్లాసు ఎక్కువ. అయిదేళ్ళ ఆదివారాలూ, లేని శుభలేఖలూ, వెనక సందూ, ఎడమ బొటనవేలూ అన్నీ ఒప్పుకున్నాను. ఆవిడ చిక్కుడుకాయలకి నారలు తీస్తూ వింటోంది. ఒక్క కాయ కూడా ఆగలేదు.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది."

"ఆ వాలంటీరు పిల్ల అదే రోజు మనింటికీ వచ్చింది. సారు పక్కింట్లో ఎక్కిపోయేరండి, ఇక్కడ ఎక్కట్లేదండి అంది. ఏ కూరతో తింటన్నారమ్మా అని అడిగేను. నెత్తళ్ళూ వంకాయండి అంది."

నేను కుర్చీ వెతుక్కున్నాను. "అయితే అయిదేళ్ళ నుంచీ నీకు తెలుసా? మరి అడగలేదేం?"

"అడిగితే మీరు వెళ్ళడం మానేస్తారు. మీరు మానేస్తే అత్త వండడం మానేస్తాది. ఒక్కర్తీ తన కోసం కూరొండుకుంటాదేటండీ? ఆదివారం ఒక్కరోజైనా పొయ్యి వెలిగించి అన్నం వండుతోందంటే మీరెళ్ళబట్టి." చిక్కుడుకాయలు చేటలో సర్దుకుని లేచింది. "ఉప్పు సంగతంటారా, నెత్తళ్ళు మూడుసార్లు వేణ్ణీళ్ళలో కడిగి వండమని అత్తకి అప్పుడే చెప్పేశాను."

అంటే అయిదేళ్ళుగా నేను దొంగతనంగా తిన్నది పథ్యం. సముద్రంలో ఉప్పు ఎక్కడికీ పోలేదు. ప్రెస్సుకొచ్చిన వందమందికి నేను చెప్పిన వాతావరణ శాస్త్రం ఏం కావాలి?

అర్జీ పెట్టాం. అత్త మాట ఒక్కటీ మిగిలింది. ఎంక్వయిరీకి ఎవరో వస్తారు, వాళ్ళెదుట చెప్పాలి. ఆఫీసరు రాకని ఎలాగో బతిమాలి ఆదివారం కాకుండా బుధవారానికి వేయించాను. బుధవారం అత్త పొయ్యిమీద అంబలి తప్ప ఏమీ ఉండదు గనక, కంచం గొడవ ఉండదని నా ఎత్తు. అత్త ఎత్తు వేరు. ఇంటికి మనిషి వస్తున్నాడని తెలిసి అరుగుమీది బుట్టల్లోంచి అన్నిటికన్నా మంచి నెత్తళ్ళు ఏరి, వంకాయలు తెప్పించి, పక్క వీధిలో చేబదులుగా రెండు గిద్దెల బియ్యం తెచ్చి వండేసింది. మా ఆవిడ అత్త ఇంటికి బయల్దేరుతూ నాకు ఒకటే చెప్పింది: "మీరు గోడ దాటకండి. కంచం చూస్తే మీరాగలేరు."

అందుకని ఆ ఎంక్వయిరీ మొత్తం నేను గోడమీద గడ్డం ఆనించి చూశాను. పక్కన పెట్ట కూర్చుని చూసింది.

ఆఫీసరు మెళ్ళో ట్యాగు వేసుకుని, చంకలో ట్యాబు పెట్టుకుని, చేతిలో చిన్న క్యారేజీతో వచ్చాడు. బక్కపలచని మనిషి.

"కాళ్ళు కడుక్కో బాబూ," అంది అత్త.

"డ్యూటీలో ఉన్నానమ్మా."

"డ్యూటీలో ఉన్నోడికి కడుపుండదేటి? ఆ బాక్సులోనేటున్నాది?"

"పెరుగన్నం."

"అయ్యో తండ్రీ," అంది అత్త, ఎవరో పోయారని విన్నట్టు. ఆ ఒక్క మాటకే ఆయన సగం ఓడిపోయాడు. మిగతా సగం వాసన చూసుకుంది. రెండు నిమిషాల్లో పీటమీద కూర్చున్నాడు. మొదటి ముద్దకి కళ్ళు మూసుకున్నాడు. మూడో ముద్దకి ట్యాబు పక్కన పెట్టేశాడు. రెండోసారి వడ్డన అయ్యాక గాని ఆయనకి తాను ఎందుకొచ్చాడో గుర్తు రాలేదు.

"మామ్మా, నిజం చెప్పాలి. ఆ గోడమీదున్న సారు మీ ఇంట్లో తింటారా?"

"తింతాడు," అంది అత్త.

నేను గోడకి నుదురు కొట్టుకున్నాను. పెట్ట జరిగి చోటిచ్చింది.

"తింటే మీ కుటుంబమేనని రాయాలి మరి," అన్నాడాయన ఇబ్బందిగా. ఎడమచేత్తో ట్యాబు దగ్గరికి లాక్కున్నాడు. "అలా రాస్తే కార్డు రాదు మామ్మా."

"రాసుకో బాబూ. ఆడి కింద నీ పేరు కూడా రాసీ."

"నాదెందుకు?"

"నువ్వు తింతన్నదేటి, మట్టా?"

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. కంచం వైపు చూశాడు, ట్యాబు వైపు చూశాడు. తన ఎడమ బొటనవేలు కూడా ఒకసారి చూసుకున్నాడనుకుంటా. గవర్నమెంటు ఉద్యోగి ఉన్న ఇంటికి కార్డు రాదని అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే.

అప్పుడు గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ నోరు విప్పింది. "బాబూ, ఈయన ఆదివారం మధ్యాహ్నం ఇక్కడ తింటారు. మిగతా పూటలన్నీ మా ఇంట్లో తింటారు, వంకలు పెట్టుకుంటూ. ఉన్నదున్నట్టు రాయండి."

ఆయన ప్రాణం లేచొచ్చినట్టు అత్త వైపు తిరిగాడు. "మామ్మా, ఈయన ఇక్కడ పడుకుంటారా?"

"ఇక్కడ పడుకుంతే ఆ గురక్కి నా గోడలుంతాయా!"

"బట్టలూ అవీ ఇక్కడుంటాయా?"

"ఏటీ లేవు. వత్తాడు, తింతాడు, ఉప్పు లేదంతాడు, ఎల్లిపోతాడు."

"అయితే 'అప్పుడప్పుడు వచ్చి తిని వెళ్ళే చుట్టం' అని రాయనా?"

అత్త గరిటె కింద పెట్టింది. గోడమీదనుంచి నేను కళ్ళతోనే దండాలు పెట్టాను.

"చుట్టవంతే మావోడేనా?"

"మీవాడేనండి."

"అయితే రాసుకో. అందులో అబద్దం లేదు." చీరకొంగుకి వేలు తుడుచుకుని మిషను మీద పెట్టింది. మా ఆవిడా పెట్టింది. నేను మా ఇంటివాణ్ణి అయ్యాను, పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకి. ఆఫీసరు చెయ్యి కడుక్కుని, పెరుగన్నం పెట్టకి పెట్టి వెళ్ళిపోయాడు.

కార్డు రావడానికి కొన్ని వారాలు పట్టింది. గట్టి కార్డు, ఒక మూల నల్ల చుక్కల చదరం, పక్కన అత్త ఫొటో. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి, కింద ఖాళీగా ఉన్నచోట వేలితో తడిమింది.

"ఇక్కడింకేటీ లేదేటి?"

"నువ్వొక్కర్తివే కదత్తా."

"అయిదేళ్ళు ఇద్దరం ఉన్నావన్నమాట," అంది. "తెలీకుండానే." ఆ తర్వాత కార్డుని దేవుడి పటం వెనక కాకుండా ఎండుచేపల బుట్ట అడుగున దాచింది. ఎలకలు రావట అక్కడికి.

మొదటి నెల బియ్యం తేవడానికి నేను కారు తీశాను. ప్రాయశ్చిత్తం. నలుగురు తోశారు. పెట్ట గుడ్లమీంచి లేవనంది గనక అదీ మాతో వచ్చింది. డీలరు షాపు ముందు లైన్లో ఉన్నవాళ్ళు కారులో దిగిన అత్తని, వెనక సీట్లో కూర్చున్న కోడిని చూశారు. "ఈ కారు ఎవరిదత్తా?" అని ఎవరో అడిగితే, అత్త వెనక్కి చూసి, "దాందే," అంది.

ఆ ఆదివారం కోటా బియ్యం అన్నం వండింది. నెత్తళ్ళ కూర, ముగ్గురికి మూడు కంచాలు. మూడోది మా ఆవిడది. ముందు గుమ్మంలోంచే తీసుకొచ్చాను, వెనక సందుతో ఇక పనిలేదు. అత్త మొదటిసారిగా మాతోపాటు కూర్చుంది. "ఆకలి లేదు" అనలేదు. నేను నాలుగో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా గుమ్మంలో నీడ పడింది. మెడలో ట్యాగు, చేతిలో వేలిముద్ర మిషను.

"కార్డులకి ఈకేవైసీ చేస్తన్నామమ్మా," అంది సచివాలయం నుంచి వచ్చిన కొత్త అమ్మాయి. మా ముగ్గుర్నీ వరసగా చూసింది. "ఇంట్లో ఎంతమందండి?"

నేను కంచంతో సహా గోడవైపు లేవబోయాను. మా ఆవిడ కూడా సగం లేచింది.

"కూకోండి!" అంది అత్త. "తినకుండా లెగిత్తే ఊరుకోను." ఆ అమ్మాయి వైపు తిరిగింది. ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు చెప్పింది.

"కార్డులోనైతే నానొక్కర్తిని. కంచాల కాడ ముగ్గురం. నీకేది కావాలో రాసుకోయే."

ఆ అమ్మాయి కార్డులోదే రాసుకుంది. వేలిముద్ర తీసుకుంది. తర్వాత మిషను సంచిలో పెట్టి, చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది.